ప్రశ్నలు – జవాబులు: మెషిన్ లెర్నింగ్‌కు ఏ భాష, ఏ లైబ్రరీ?

ఈ నెల నల్లగొండ, పాలమూరు ప్రాంతాల పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద, అంటే డేటా నుంచి కంప్యూటర్ తానే నేర్చుకునే మెషిన్ లెర్నింగ్ మీద ఉన్నాయి. ఇక్కడ లైబ్రరీ అంటే ముందే రాసిపెట్టి ఉన్న, మన ప్రోగ్రాం నుంచి పిలిచి వాడుకోగల కోడ్. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాము. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగిన చోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాము.

ప్రశ్న: నేను నల్లగొండలో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా సిలబస్‌లో సి, జావా ఉన్నాయి. మెషిన్ లెర్నింగ్ నేర్చుకుందామంటే పైథాన్ చాలా నెమ్మదైన భాష అని ఒకరు అంటున్నారు. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని వచ్చిన సీనియర్ ఒకరు పైథాన్, ఆర్, జూలియా మూడూ రావాలంటున్నారు. మరొకరు నేరుగా పైటార్చ్ మొదలుపెట్టమంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి? – విద్యార్థి, నల్లగొండ

జవాబు: పైథాన్‌తో మొదలుపెట్టండి. మిగిలిన రెండు భాషలు ఇప్పుడు అవసరం లేదు. న్యూరల్ నెట్‌వర్క్‌లను, అంటే మెదడులోని నాడీకణాల అల్లికను పోలిన లెక్కల అల్లికలను, కట్టడానికి వాడే పైటార్చ్ లైబ్రరీ కూడా ఇప్పుడే వద్దు.

పైథాన్ నెమ్మదైనదన్న మాట అబద్ధం కాదు. కోటి సంఖ్యలను పైథాన్‌లో ఒక లూప్ రాసి కూడితే, అదే పని సి భాషలో చేసినదానికంటే పదుల రెట్లు ఎక్కువ సమయం పడుతుంది. అయితే మెషిన్ లెర్నింగ్ చేసేవారు ఆ లూప్‌ను పైథాన్‌లో రాయరు. ఇక్కడ పైథాన్ పాత్ర మేస్త్రీది. ఏ గోడ ఎక్కడ లేవాలో మేస్త్రీ చెబుతాడు, ఇటుకలు మోసేది మాత్రం కూలీలు. 2005లో ట్రావిస్ ఒలిఫాంట్ రూపొందించిన నంపై లైబ్రరీలో అసలు లెక్కలు చేసే భాగం సి భాషలో ఉంది. మాత్రికల లెక్కలకు అది ఆశ్రయించే లాపాక్ అన్న లైబ్రరీ ఫోర్ట్రాన్‌లో రాసినది. ఫోర్ట్రాన్ తొలి కంపైలర్ 1957లో వచ్చింది. అంటే మీరు పైథాన్‌లో ఒక్క వరుస రాసినప్పుడు, మీ తాతగారి తరం భాషలో రాసిన కోడ్ అడుగున పని చేస్తూ ఉండవచ్చు. కాబట్టి ఏ భాష వేగంగా నడుస్తుందో చూసి ఎంచుకోకండి. మీకు కావలసిన లైబ్రరీలు ఏ భాషలో ఉన్నాయో చూసి ఎంచుకోండి. 1991లో గైడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్ గణితం కోసం పుట్టిన భాష కాదు. కానీ నేర్చుకోవడానికి సులువుగా, సి లైబ్రరీలను పిలవడానికి అనువుగా ఉండటంతో శాస్త్రవేత్తలు తమ లైబ్రరీలన్నీ దాని చుట్టూ కట్టుకుంటూ వచ్చారు.

సిలబస్‌లో చదివిన సి వృథా పోయిందని బాధపడవద్దు. అర్రే అంటే మెమరీలో ఒకదాని పక్కన ఒకటి ఉండే గదులని మీకు ముందే తెలుసు. నంపై ఎందుకు వేగంగా పని చేస్తుందో, ఒక పట్టికను నిలువుగా చదవడానికీ అడ్డంగా చదవడానికీ తేడా ఎందుకు వస్తుందో మీకు వెంటనే అర్థమవుతుంది. పైథాన్ ఒక్కటే నేర్చుకున్నవారికి ఈ సంగతి చాలాకాలం అంతుపట్టదు.

లైబ్రరీల విషయంలో వరుస ముఖ్యం. మొదట నంపై నేర్చుకోండి, తర్వాత పట్టికల కోసం పాండాస్, గ్రాఫుల కోసం మ్యాట్‌ప్లాట్‌లిబ్, ఆ తర్వాత సైకిట్‌లెర్న్. 2007లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ప్రాజెక్టుగా మొదలైన సైకిట్‌లెర్న్‌లో నాకు నచ్చే గుణం ఒకటుంది. అందులోని పద్ధతులన్నిటికీ పిలుపు ఒకటే. డేటా ఇచ్చి నేర్పడానికి ఫిట్, నేర్చుకున్నాక అంచనా అడగడానికి ప్రిడిక్ట్. లీనియర్ రిగ్రెషన్ అనే పద్ధతిని తీసేసి ర్యాండమ్ ఫారెస్ట్ అనే మరో పద్ధతిని పెట్టాలన్నా మార్చవలసింది ఒకటి రెండు వరుసలే. దీనివల్ల మీ దృష్టి కోడ్ మీద కాకుండా డేటా మీద నిలుస్తుంది.

పుస్తకాల్లో ఉదాహరణగా కనిపించే ఐరిస్ పూల కొలతల పట్టికతో సరిపెట్టుకోకుండా మీ ఊరి డేటా ఏదైనా తీసుకోండి. ఉదాహరణకు మార్కెట్ యార్డుల రోజువారీ ధరలు కేంద్ర ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్ సైట్‌లో దొరుకుతాయి. మీ జిల్లాలో బత్తాయి తోటలు విస్తారంగా ఉన్నాయి కాబట్టి బత్తాయి ధరే తీసుకుని రేపటి ధరను అంచనా వేసే ప్రయత్నం చేయండి. అయితే ఏ మోడల్ (డేటా నుంచి నేర్చుకుని అంచనా చెప్పే లెక్క) కట్టడానికీ ముందు, రేపటి ధర ఈరోజు ధరే అని చెప్పే ఒక సోమరి మోడల్ రాసి దాని తప్పు ఎంతో లెక్కించి పెట్టుకోండి. మీరు నెల రోజులు శ్రమించి కట్టిన మోడల్ ఈ సోమరి మోడల్ కంటే మెరుగ్గా లేకపోవడం ఎంత మామూలు విషయమో అప్పుడు తెలుస్తుంది. డేటాను కొంత శిక్షణకు, కొంత పరీక్షకు విడదీసేటప్పుడు వరుసలను కలగాపులగం చేయకండి. అలా చేస్తే జూన్ ధరలు చూసి మే ధరలు చెప్పే మోడల్ తయారవుతుంది. కాలక్రమం చెడకుండా విడదీయడానికి సైకిట్‌లెర్న్‌లో టైమ్ సిరీస్ స్ప్లిట్ అన్న సాధనం ఉంది.

చిత్రాలు, శబ్దం లేదా పొడవైన వచనంతో పని పడినప్పుడు పైటార్చ్ వైపు వెళ్లండి. గూగుల్ 2015లో బయటికి ఇచ్చిన టెన్సర్‌ఫ్లో, ఫేస్‌బుక్ పరిశోధకుల నుంచి వచ్చి 2022లో లైనక్స్ ఫౌండేషన్ చేతికి వెళ్లిన పైటార్చ్, రెండూ గట్టివే. కొత్తవారికి నేను పైటార్చ్ చెబుతాను. పరిశోధన పత్రాలతో పాటు వచ్చే కోడ్ ఎక్కువగా అందులోనే ఉండటం ఒక కారణం. తప్పు జరిగినప్పుడు మామూలు పైథాన్ ప్రోగ్రామును వెతికినట్టే వరుస వరుసగా వెతకగలగడం మరొక కారణం.

ప్రశ్న: నా దగ్గర నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. గ్రాఫిక్స్ కార్డు లేదు. మెషిన్ లెర్నింగ్‌కు కొత్తది కొనాలా? – నిరుద్యోగి, దేవరకొండ

జవాబు: పట్టికలతో పని అయితే కొనవద్దు. లక్ష వరుసలు, ఇరవై నిలువు వరుసలు ఉన్న సంఖ్యల పట్టికలో ఒక్కో సంఖ్యకు 8 బైట్ల చొప్పున వేసినా మొత్తం 16 ఎంబీ మాత్రమే అవుతుంది. సైకిట్‌లెర్న్ మామూలు ప్రాసెసర్ మీదనే నడుస్తుంది. చిత్రాలతో లెక్క వేరు. 224 నిలువు, 224 అడ్డం కొలతల రంగు చిత్రం ఒక్కదానిలో 1,50,528 సంఖ్యలు ఉంటాయి. అలాంటి పది వేల చిత్రాలను సంఖ్యకు 4 బైట్ల చొప్పున ఒకేసారి మెమరీలోకి తెస్తే ఆరు జీబీ అవుతుంది. అటువంటి పనికి గూగుల్ కోలాబ్ అనే ఆన్‌లైన్ సేవలో ఉచితంగా దొరికే జీపీయూను, అంటే గ్రాఫిక్స్ ప్రాసెసర్‌ను వాడుకోండి. మీరు లేచి టీ తాగి వచ్చేలోగా కనెక్షన్ తెగిపోయి అప్పటిదాకా చేసినదంతా పోయే అవకాశం ఉంది కాబట్టి, మోడల్‌ను మధ్యమధ్యలో గూగుల్ డ్రైవ్‌లోకి భద్రపరచే రెండు వరుసలు ముందే రాసిపెట్టుకోండి.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా స్టాటిస్టిక్స్ బోధిస్తున్నాను. ఆర్ భాషలో నాకు మంచి అలవాటు ఉంది. ఇప్పుడు అందరూ పైథాన్ అంటున్నారు. వదిలేయాలా? ఒకే డేటా మీద ఆర్‌లోనూ సైకిట్‌లెర్న్‌లోనూ లాజిస్టిక్ రిగ్రెషన్ (అవునా కాదా అన్న ఫలితానికి సంభావ్యత చెప్పే పద్ధతి) చేస్తే గుణకాలు వేరువేరుగా వస్తున్నాయి. ఏది తప్పు? – అధ్యాపకులు, మహబూబ్‌నగర్

జవాబు: ముందుగా రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. అదే మొదటి ప్రశ్నకు కూడా సగం జవాబు.

రెండూ తప్పు కావు, రెండూ వేరువేరు లెక్కలు. ఆర్‌లోని జీఎల్ఎమ్ ఫంక్షన్ మీరు తరగతిలో చెప్పే గరిష్ఠ సంభావ్యతా పద్ధతిని ఉన్నది ఉన్నట్టు అమలు చేస్తుంది. సైకిట్‌లెర్న్‌లోని లాజిస్టిక్ రిగ్రెషన్ మాత్రం, మీరు ఏమీ చెప్పకపోయినా, గుణకాలు పెద్దవి కాకుండా ఒక శిక్షా పదాన్ని జోడిస్తుంది. దాని బలాన్ని నిర్ణయించే సి (భాష పేరు కాదు) అనే పరామితి విలువ, మీరు మార్చకపోతే, 1గా ఉంటుంది. అందువల్ల గుణకాలన్నీ సున్నా వైపు కొంత కుంచించుకుపోతాయి. ఆ శిక్షను తీసివేసి, రెండు చోట్లా ఒకే వర్గాన్ని ఆధారంగా పెట్టి చూడండి, అంకెలు కలుస్తాయి. ఇంకొక సంగతి కూడా మీరు గమనించే ఉంటారు. సైకిట్‌లెర్న్ పి విలువలు ఇవ్వదు, ప్రామాణిక దోషాలు ఇవ్వదు. అది లోపం కాదు. ఆ లైబ్రరీ కట్టినవారి దృష్టి అంచనా ఎంత సరిగ్గా వస్తున్నదన్నదాని మీద ఉంది. ఏ చలరాశి ప్రభావం ఎంత, అందులో అనిశ్చితి ఎంత అని అడిగే మీ సంప్రదాయం వేరు. పైథాన్‌లో ఆ సంప్రదాయానికి చెందిన లైబ్రరీ స్టాట్స్‌మోడల్స్. అందులో ఆర్ తరహా ఫార్ములా రాత కూడా ఉంది కాబట్టి మీకు పుట్టింటికి వచ్చినట్టే ఉంటుంది.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు స్టాటిస్టిక్స్ ఆచార్యులు మొదలుపెట్టిన ఆర్, 2000లో 1.0 సంచికకు (వెర్షన్‌కు) చేరింది. సర్వే విశ్లేషణకు, ప్రయోగ రచనకు, మంచి గ్రాఫులకు ఇప్పటికీ నేను దాన్నే ముందు ఎంచుకుంటాను. మీ సొంత పరిశోధనకు ఆర్‌ను వదలవలసిన అవసరం లేదు. యంత్రాభ్యాస పద్ధతుల కోసం ఆర్‌లోనే టైడీమోడల్స్ ఉంది. కానీ మీ విద్యార్థుల సంగతి వేరు. వారు హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్లిన చోట పైథాన్ ఎదురవడం దాదాపు ఖాయం. పైగా న్యూరల్ నెట్‌వర్క్‌ల వైపు వెళితే ఆర్‌లోని కెరాస్ ప్యాకేజీ కూడా లోపల పైథాన్‌నే పిలుస్తుంది. కాబట్టి ఒక సెమిస్టర్ పాటు ఒకే లెక్కను రెండు భాషల్లోనూ చేయించి, అంకెలు ఎక్కడ కలవలేదో, ఎందుకు కలవలేదో విద్యార్థుల చేతనే వెతికించండి. మీకు ఎదురైన లాజిస్టిక్ రిగ్రెషన్ తేడాతోనే మొదటి తరగతి నడిపించవచ్చు.

ప్రశ్న: మా మర్రిగూడ ప్రాంతంలో సుమారు ఆరు వందల నీటి పరీక్షల ఫలితాలను పట్టికగా పోగుచేశాను. గ్రామం, బోరు లోతు, నెల, పీహెచ్, టీడీఎస్ (నీటిలో కరిగిన ఘనపదార్థాల మొత్తం), ఫ్లోరైడ్ విలువలు ఉన్నాయి. ఫ్లోరైడ్ పరిమితి దాటుతుందో లేదో చెప్పే న్యూరల్ నెట్‌వర్క్‌ను ఒక మిత్రుడు కెరాస్‌తో తయారుచేశాడు. 97 శాతం సరిగ్గా చెబుతున్నది. దీన్ని యాప్‌గా చేయడానికి ఏ లైబ్రరీ వాడాలి? – స్వచ్ఛంద కార్యకర్త, నల్లగొండ జిల్లా

జవాబు: యాప్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. నల్లగొండ ఫ్లోరైడ్ బాధ ఎటువంటిదో తెలిసినవారు మీరు. పటిక, సున్నం కలిపి నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి మీ జిల్లా పేరే పెట్టి నల్లగొండ టెక్నిక్ అని పిలుస్తారు. అందువల్ల ఈ జవాబు కొంత కటువుగా ఉన్నా అపార్థం చేసుకోరని నమ్ముతున్నాను.

ఆ 97 శాతాన్ని మూడు కారణాల వల్ల నమ్మలేము. మొదటిది, ఆరు వందల పరీక్షలంటే ఆరు వందల బోర్లు కావు. ఒకే బోరును వేర్వేరు నెలల్లో పరీక్షించి ఉంటారు. వరుసలను ఇష్టం వచ్చినట్టు విడదీస్తే ఒకే బోరు జనవరి ఫలితం శిక్షణలోకి, ఏప్రిల్ ఫలితం పరీక్షలోకి వెళుతుంది. అప్పుడు మోడల్ నేర్చుకున్నది భూగర్భ జలాల గురించి కాదు, ఫలానా లోతు, ఫలానా గ్రామం అన్న గుర్తుల ద్వారా ఆ బోరునే బట్టీ పట్టింది. సైకిట్‌లెర్న్‌లో గ్రూప్ కె ఫోల్డ్ అనే పద్ధతి ఉంది. గ్రామాన్ని గుంపుగా చెప్పి, ఒక గ్రామం వరుసలన్నీ ఒకే వైపు ఉండేలా విడదీసి మళ్లీ పరీక్షించండి. ఎప్పుడూ చూడని గ్రామం గురించి మోడల్ ఎంత చెప్పగలదో అప్పుడు తేలుతుంది.

రెండవది, మీ పట్టికలో ఎన్ని వరుసలు పరిమితి దాటాయో మీరు రాయలేదు. ఒకవేళ నూటికి తొంభై దాటి ఉంటే, అన్నీ దాటాయని కళ్లు మూసుకుని చెప్పినా 90 శాతం సరిపోతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రామ్ ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి. వీటిలో దేనిని గీతగా పెట్టుకున్నారన్నదాన్ని బట్టి మీ శాతం మారిపోతుంది. మీకు కావలసింది మొత్తం శాతం కాదు. ప్రమాదకరమైన బోర్లలో ఎన్నిటిని మోడల్ మంచివని చెప్పి వదిలేసిందన్న లెక్క కావాలి.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. పీహెచ్, టీడీఎస్ తెలియాలంటే నీటి నమూనా చేతిలో ఉండాలి. నమూనా చేతిలో ఉన్నప్పుడు ఫ్లోరైడ్‌నే నేరుగా పరీక్షించవచ్చు కదా? మోడల్ పనికి వచ్చేది బోరు వేయకముందు, లేదా ఏ బోర్లను ముందుగా పరీక్షించాలో నిర్ణయించవలసి వచ్చినప్పుడు. కాబట్టి అప్పటికి తెలిసి ఉండే లోతు, స్థలం, పక్క బోర్ల విలువలు వంటివి మాత్రమే ఇచ్చి చూడండి. శాతం తప్పకుండా పడిపోతుంది. అలా పడిపోయాక మిగిలినదే మోడల్ అసలు సత్తా.

లైబ్రరీ విషయానికి వస్తే, ఆరు వందల వరుసల పట్టికకు న్యూరల్ నెట్‌వర్క్ అవసరం లేదు. ముందు లాజిస్టిక్ రిగ్రెషన్, ఆ తర్వాత లియో బ్రైమన్ 2001లో ప్రతిపాదించిన ర్యాండమ్ ఫారెస్ట్, రెండూ సైకిట్‌లెర్న్‌లోనే ఉన్నాయి. పట్టిక వేలకు పెరిగితే ఎక్స్‌జీబూస్ట్ లేదా లైట్‌జీబీఎమ్ ప్రయత్నించండి. ర్యాండమ్ ఫారెస్ట్‌తో సహా ఇవన్నీ ప్రశ్నల చెట్లు కట్టి తీర్పు చెప్పే పద్ధతులు. పట్టికల మీద ఈ చెట్ల పద్ధతులను న్యూరల్ నెట్‌వర్క్‌లు ఓడించడం అరుదు. ఇవన్నీ అయ్యాక కూడా మోడల్ మంచిదన్న నీటిని పరీక్ష లేకుండా ఎవరిచేతా తాగించకండి. ఏ బోరును ముందు పరీక్షించాలో చెప్పడం వరకే దానిని వాడండి.

ప్రశ్న: మిర్యాలగూడలో మాకు రైస్ మిల్లు ఉంది. బియ్యంలో నూక శాతాన్ని ఫోటో తీసి చెప్పే ప్రోగ్రాం చేయాలని ఉంది. టెన్సర్‌ఫ్లో నేర్చుకోవాలా, పైటార్చ్ నేర్చుకోవాలా? మిల్లులోని కంప్యూటర్‌లో పైథాన్ లేదు. – ఇంజినీరింగ్ పట్టభద్రుడు, మిర్యాలగూడ

జవాబు: రెండూ కాదు, ముందు చిత్రాలను విశ్లేషించే ఓపెన్‌సీవీ లైబ్రరీ. నల్లటి పళ్లెంలో గింజలు ఒకదానికొకటి తగలకుండా పరిచి, పై నుంచి సమానమైన వెలుతురులో ఫోటో తీస్తే, తెల్లటి మచ్చలను విడదీసి ఒక్కోదాని పొడవు కొలవడానికి నేర్చుకునే యంత్రం అక్కరలేదు, కొలబద్ద చాలు. పూర్తి గింజ పొడవులో ముప్పాతిక కంటే చిన్న ముక్కను నూకగా లెక్కించే కొలత ఎటూ మీకు తెలిసినదే. నూక శాతాన్ని బరువును బట్టి చెప్పాలి కాబట్టి, ముక్కల సంఖ్యను కాకుండా వాటి వైశాల్యాన్ని కూడి, నాలుగైదు నమూనాలను తూకం వేసి సరిచూసుకోండి. ఉప్పుడు బియ్యానికి రంగు వేరు కాబట్టి దానికి వేరే హద్దు పెట్టాలి. ఓపెన్‌సీవీ సి ప్లస్ ప్లస్‌లో రాసిన లైబ్రరీ. పైథాన్‌లో ప్రయత్నించి చూసి, తేలిన తర్వాత అవే ఫంక్షన్లతో సి ప్లస్ ప్లస్‌లో రాస్తే మిల్లు కంప్యూటర్‌లో పైథాన్ లేకపోయినా నడుస్తుంది.

గింజలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నప్పుడు, లేదా రంగు మారిన గింజ, పురుగు తిన్న గింజ, రాయి వంటి వాటిని వేరు చేయవలసి వచ్చినప్పుడు కొలబద్ద చాలదు. అప్పుడు పైటార్చ్‌తో, ముందే లక్షల చిత్రాలు చూసి నేర్చుకున్న మొబైల్‌నెట్ వంటి చిన్న నెట్‌వర్క్‌ను తీసుకుని మీ గింజల ఫోటోలతో చివరి భాగానికి మాత్రం శిక్షణ ఇవ్వండి. మొబైల్‌నెట్ రెండో సంచికలో పరామితులు (శిక్షణలో నేర్చుకునే అంకెలు) సుమారు 35 లక్షలు, అంటే 14 ఎంబీ ఫైలు. రెజ్‌నెట్ 50 అనే పెద్ద నెట్‌వర్క్‌లో రెండున్నర కోట్లు ఉంటాయి. శిక్షణ పూర్తయ్యాక మోడల్‌ను ఓనిక్స్ రూపంలోకి మార్చుకుంటే, ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్ 2017లో మొదలుపెట్టిన ఆ ఉమ్మడి రూపాన్ని సి ప్లస్ ప్లస్ నుంచి కూడా నడపవచ్చు. నేర్పే భాష, నడిపే భాష ఒకటే కావాలన్న నియమం లేదు.

ప్రశ్న: జూలియా భాషకు భవిష్యత్తు ఉందా? – పాఠకుడు, సూర్యాపేట

జవాబు: 2012లో బయటికి వచ్చిన జూలియా మంచి భాష. దాని సృష్టికర్తల్లో భారతీయుడు విరల్ షా ఒకరు. అవకలన సమీకరణాలు, వాతావరణ నమూనాల వంటి లెక్కల్లో దానికి నిజమైన బలం ఉంది. మీ పని అది అయితే నేర్చుకోండి. ఉద్యోగం కోసమైతే వద్దు.

ప్రశ్న: కోడ్ అంతా చాట్‌బాట్ రాసిస్తున్నప్పుడు లైబ్రరీలు నేర్చుకోవడం ఎందుకు? అది ఇచ్చిన కోడ్ మాత్రం నా దగ్గర సగంసార్లు నడవడం లేదు. – విద్యార్థిని, నాగర్‌కర్నూల్

జవాబు: మీ రెండో వాక్యమే మొదటి వాక్యానికి జవాబు. చాట్‌బాట్‌లు పాత కోడ్ ఎక్కువగా చదివి ఉంటాయి. పాండాస్‌లో పట్టికకు వరుసలు చేర్చే అపెండ్ 2023లో వచ్చిన 2.0 సంచికతో పోయింది. సైకిట్‌లెర్న్‌తో వచ్చే బోస్టన్ ఇళ్ల ధరల పట్టికను 1.2 సంచికలో తీసివేశారు. అందులో నల్లజాతీయుల జనాభాను బట్టి కట్టిన ఒక నిలువు వరుస ఉండటమే కారణం. పాత పాఠాల్లో మాత్రం అవి రెండూ ఇంకా దర్శనమిస్తాయి. ప్రతి పనికీ విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ పనికి కావలసిన లైబ్రరీలు మాత్రమే ఉండే విడి చోటు) చేసుకుని, ఏ లైబ్రరీ ఏ సంచికో ఒక ఫైలులో రాసిపెట్టండి. నేను ఒకప్పుడు ఆ పని చేయక, రెండేళ్ల నాటి సొంత మోడల్ ఫైలును కొత్త సైకిట్‌లెర్న్‌లో తెరవలేక, దాన్ని తయారుచేసిన పాత సంచిక ఏదో గుర్తు తెచ్చుకోవడానికి ఒక వారం పోగొట్టుకున్నాను.

ప్రశ్న: నేను తెలుగు ఉపాధ్యాయుడిని. పాలమూరు వాడుక భాషలో వెయ్యిన్నర, రచనా భాషలో వెయ్యిన్నర వాక్యాలు పోగుచేశాను. ఏ వాక్యం ఏదో గుర్తించే ప్రోగ్రామును మా అబ్బాయి సైకిట్‌లెర్న్‌తో రాశాడు. ఫలితం బొమ్మా బొరుసూ వేసినట్టే ఉంది. తెలుగుకు పైథాన్ పనికిరాదా? – ఉపాధ్యాయుడు, వనపర్తి

జవాబు: పైథాన్ పనికి వస్తుంది. మీ వాక్యాలు మోడల్ దాకా చేరనే లేదు, అదే అసలు చిక్కు.

వాక్యాన్ని మాటలుగా విడగొట్టడానికి సైకిట్‌లెర్న్‌లోని కౌంట్ వెక్టరైజర్ ఒక మూసను వాడుతుంది. రెండు లేక అంతకు మించిన అక్షర సంకేతాలు పక్కపక్కన ఉంటేనే అది మాట అని ఆ మూస చెబుతుంది. పైథాన్‌లో మామూలుగా వాడే ఆ మూసల సాధనం మన హల్లులను, అచ్చులను అక్షరాలుగా గుర్తిస్తుంది. కానీ గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను అక్షరాలుగా గుర్తించదు. కంటికి మూడు అక్షరాలుగా కనిపించే 'తెలుగు' అన్న మాట కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు, అంటే త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం. గుర్తులు అడ్డుపడటంతో ఏ రెండు హల్లులూ పక్కపక్కన మిగలవు, మొత్తం మాటే మాయమవుతుంది. 'పాలమూరు' అన్న మాటలో మిగిలేది 'లమ'. 'నల్లగొండ' అయితే 'నల', 'లగ' అని రెండు ముక్కలు అవుతుంది. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని రాసిన ఒక్క వరుస వల్ల ఇంత జరుగుతుంది. పైగా ఏ తప్పూ చూపించకుండా ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది.

మరమ్మతు చిన్నదే. ఆ మూసను మార్చి, విరామ చిహ్నాలు తీసివేసిన తర్వాత ఖాళీల దగ్గర విడగొట్టమని చెప్పండి. మీ పనికి ఇంకా మేలైన మార్గం కూడా ఉంది. ఎనలైజర్ అనే పరామితికి క్యార్ డబ్ల్యూబీ అన్న విలువ, ఎన్‌గ్రామ్ రేంజ్ అనే పరామితికి 2, 5 అన్న విలువలు ఇస్తే మాటల హద్దుల లోపల రెండు నుంచి ఐదు సంకేతాల తునకలుగా లెక్కిస్తుంది. మన భాషలో ఇల్లు, ఇంట్లో, ఇంటికి, ఇంటినుంచి అన్నవి మాటలుగా చూస్తే నాలుగు, తునకలుగా చూస్తే చుట్టాలు. వాడుక భాషకూ రచనా భాషకూ తేడా ఎక్కువగా క్రియల చివర, 'పోతున్న', 'వెళ్తున్నాను' వంటి చోట్ల, 'ఏడికి', 'ఎక్కడికి' వంటి చిన్న మాటల్లో ఉంటుంది కాబట్టి తునకల మీద లాజిస్టిక్ రిగ్రెషన్ మీకు మంచి ఫలితమే ఇస్తుందని నా అంచనా. అది చాలకపోతే ఐఐటీ మద్రాసుకు చెందిన ఏఐ4భారత్ విడుదల చేసిన, భారతీయ భాషల మీద ముందే శిక్షణ పొందిన ఇండిక్‌బర్ట్ వంటి మోడళ్లను పైటార్చ్ మీద వాడుకోవచ్చు. వాటికి మాత్రం జీపీయూ కావాలి.

ఒక జాగ్రత్త. రచనా భాష వాక్యాలను మీరు పత్రికల నుంచి తీసుకుని, వాడుక భాష వాక్యాలను సొంతంగా టైపు చేసి ఉంటే, రెండు వైపులా కంటికి కనిపించని తేడాలు ఉంటాయి. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలో ట కింద వ ఒత్తుగా పడకుండా ఆపడానికి కొందరు వెడల్పు లేని ఒక సంకేతాన్ని పెడతారు, కొందరు పెట్టరు. చూడటానికి ఒకేలా ఉన్న మాటలు కంప్యూటర్‌కు వేరు కావచ్చు. ఒక వైపు వాక్యాలన్నిటికీ చివర చుక్క ఉండి మరోవైపు లేకపోతే, మోడల్ మాండలికాన్ని వదిలేసి చుక్కనే నేర్చుకుంటుంది. కాబట్టి ఆ కనిపించని సంకేతాలను రెండు వైపులా తీసివేసి, విరామ చిహ్నాలను సమం చేసి, మళ్లీ శిక్షణ ఇవ్వకముందే ఒక పది వాక్యాలు వెక్టరైజర్ గుండా పంపి బయటికి వచ్చిన ముక్కలను తెర మీద వేయించి, మీ అబ్బాయితో కలిసి మీరే చదవండి.